బాక్సు అమ్మినందుకు బావ మాట్లాడటం లేదు

ప్రకాశం జిల్లాలో ఒక మండల కేంద్రం నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినాయన పేరూ ఊరూ వేయవద్దన్నారు. పెద్ద ఉత్తరం కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

ఆయనకు ముప్పై నాలుగేళ్లు. బస్టాండు దగ్గర ఎలక్ట్రానిక్స్ షాపు ఉంది. ఫ్యాన్లు, మిక్సీలు, టీవీలు అమ్ముతారు, రిపేర్లూ చేస్తారు. సొంత అక్క భర్తే ఆ ఊరికీ చుట్టుపక్కల పల్లెలకూ కేబుల్ ఆపరేటరు. షాపు పెట్టిన కొత్తలో బాడుగకు డబ్బు సర్దింది కూడా ఆ బావే.

టీవీ కొన్నవాళ్లు "బాక్సు కూడా నువ్వే ఇచ్చెయ్, మళ్లీ కేబుల్ ఆయన చుట్టూ ఎవరు తిరుగుతారు" అని అడగడం మొదలుపెట్టారు. విజయవాడలో ఒక టోకు వ్యాపారి "ఏ కేబుల్‌కైనా పనిచేస్తాయి" అని వాట్సాప్‌లో రాసి మరీ భరోసా ఇస్తే నలభై సెట్‌టాప్ బాక్సులు తెచ్చారు. బావ ఒక్కో బాక్సుకు పద్దెనిమిది వందలు తీసుకుంటుంటే ఈయన అదే మాట చెప్పి పదకొండు వందలకే ఇచ్చారు. పది పన్నెండు అమ్ముడయ్యాయి. ఒక్కటీ పనిచేయలేదు. పింఛను డబ్బుతో కొనుక్కున్న ఒక పెద్దావిడ ఇంటికి స్వయంగా వెళ్లి చూశారు. వైరు పెట్టి వెతికిస్తే చానళ్ల పేర్లన్నీ వరసగా వచ్చాయి, బొమ్మ మాత్రం ఒక్కదానికీ రాలేదు. బావను అడిగితే "నా బాక్సు కాదు, నేను ఆన్ చేయను. నువ్వు బాక్సులు అమ్ముకుంటే నేనేం అమ్ముకోవాలి?" అన్నారు. మాట పెరిగింది. "రసీదు లేకుండా జనం దగ్గర డబ్బులు గుంజుతున్నావు" అని ఈయన నలుగురిలో అనేశారు. అప్పటి నుంచి రాకపోకలు లేవు. అక్క ఫోన్ ఎత్తడం లేదు. అమ్మేమో "బావ కాళ్లు పట్టుకో, పోయేదేముంది" అంటోంది.

"ఫోను ఏ షాపులోనైనా కొంటాం, మనకు నచ్చిన సిమ్ వేసుకుంటాం. బాక్సు మాత్రం కేబుల్ వాళ్ల దగ్గరే కొనాలని చట్టంలో ఉందా? బావ మీద ఫిర్యాదు చేస్తే గెలుస్తానా? లేక బాక్సుల వ్యాపారమే మానుకోవాలా?" అని అడుగుతున్నారు.

మీరు నలుగురిలో అన్న మాట సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పెద్దావిడ ఇంట్లో ఏం జరిగిందో అర్థం చేసుకోండి. మీకూ బావకూ మధ్య ఉన్న చిక్కులో సగం అక్కడే విడిపోతుంది.

పేర్లు వచ్చి బొమ్మ రాలేదంటే మీరు అమ్మిన బాక్సు పాడైందని కాదు. వైరులోని సిగ్నల్‌ను అది పట్టుకుంది. చానళ్ల పేర్ల జాబితాకు తాళం ఉండదు కాబట్టి చదవగలిగింది. బొమ్మకూ ధ్వనికీ తాళం ఉంటుంది. దాన్ని తీసే ఏర్పాటును కండిషనల్ యాక్సెస్ అంటారు. మీ బావకు సిగ్నల్ ఇచ్చే పెద్ద సంస్థ, అంటే ఎంఎస్‌ఓ, తన హెడ్ఎండ్‌లో, అంటే చానళ్లన్నీ పోగేసి వైర్లలోకి పంపే కేంద్రంలో, ఆ ఏర్పాటు పెట్టుకుంటుంది. తను తెప్పించిన ప్రతి బాక్సు నంబరూ, వీసీ (వ్యూయింగ్ కార్డు) నంబరూ తన కంప్యూటరులో ఎక్కించుకుంటుంది. మీ బావ నెలనెలా రీచార్జి చేసేది ఆ కంప్యూటరులో ముందే ఉన్న నంబర్లకే. లేని నంబరును ఆయన కొట్టినా పోర్టల్ తీసుకోదు. ఒకవేళ ఎంఎస్‌ఓ దయతలచి ఎక్కించినా, వాళ్ల తాళానికి సరిపడే సాఫ్ట్‌వేరు మీ బాక్సులో లేకపోతే బొమ్మ రాదు. "ఆన్ చేయను" అని మీ బావ అన్నారు గానీ, ఆయన చేయాలనుకున్నా చేయగలిగే పని కాదు. ఆ మాట ఆయన నెమ్మదిగా చెప్పి ఉంటే బాగుండేది. కోపంలో ఉన్న మనిషి తన చేతిలో లేనిదాన్ని కూడా ఉన్నట్టే మాట్లాడతాడు.

ఈ పద్ధతి ఎలా వచ్చిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఒకప్పుడు కేబుల్ వైరు నేరుగా టీవీ వెనకాల గుచ్చితే చాలు. 1995 నాటి కేబుల్ టెలివిజన్ చట్టాన్ని 2011లో సవరించి, ప్రసారాలు డిజిటల్‌లోనే, తాళం వేసే ఇవ్వాలన్నారు. 2012 అక్టోబరు ఆఖరుకు ఢిల్లీ, ముంబై, ఆ తర్వాత 2013లో హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాలు మారాయి. మీలాంటి మండల కేంద్రాలకూ పల్లెలకూ చివరి గడువు 2017 మార్చి 31. ఎన్ని ఇళ్లలో ఏ చానల్ చూస్తున్నారో లెక్క తేలాలి, దొంగ ప్రసారాలు ఆగాలి అన్నది ఉద్దేశం. టీవీ తెర మీద అప్పుడప్పుడు ఏదో మూల పొడవాటి నంబరు మెరిసి మాయమవుతుంది చూడండి, అది అందుకే. ఎవరైనా ఆ ప్రసారాన్ని కాపీ చేస్తే ఏ బాక్సు నుంచి చేశారో ఆ నంబరు పట్టిస్తుంది. లెక్క కోసం పెట్టిన తాళమే కొనేవాడి చేతులూ కట్టేసింది.

ఇక మీరు అడిగిన చట్టం. కేబుల్ ఆయన దగ్గరే బాక్సు కొనాలని ఎక్కడా రాసి లేదు. తన తాళానికి సరిపడని బయటి బాక్సును ఎంఎస్‌ఓ ఆన్ చేయాలని కూడా లేదు. ఈ రెంటి మధ్య ఖాళీలో మీరు ఇరుక్కున్నారు. డీటీహెచ్ కంపెనీలకు ఇచ్చిన లైసెన్సులో మొదటి నుంచీ ఒక షరతు ఉంది: ఒక కంపెనీ బాక్సు ఇంకో కంపెనీ సిగ్నల్‌కూ పనికొచ్చేలా ఉండాలి. దానికోసం బాక్సులో ఒక గాడి, అందులో పెట్టే చిన్న మాడ్యూలు అనుకున్నారు. ఆ మాడ్యూలు ఖరీదు దాదాపు కొత్త బాక్సు అంత అయ్యేసరికి ఎవరూ కొనలేదు, షరతు కాగితం మీదే మిగిలింది. 2020 ఏప్రిల్‌లో టెలికాం, ప్రసార సేవల నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ సంగతి మీద విడిగా సిఫారసులు చేసింది. దేశంలో వినియోగదారుడికిచ్చే ప్రతి సెట్‌టాప్ బాక్సూ, కేబుల్‌ది కానీ డీటీహెచ్‌ది కానీ, కంపెనీ మారినా పనిచేసేలా ఉండాలంది. తాళం భాగాన్ని బాక్సు నుంచి విడదీసి, యూఎస్‌బీ పుల్లలాగా గుచ్చుకునే పద్ధతిని సూచించింది. డిజిటల్ టీవీలకు కూడా అలాంటి పోర్టు ఒకటి ఉండాలంది. 2025 ఫిబ్రవరిలో కొత్త టెలికాం చట్టం కింద ప్రసార సేవల అనుమతుల గురించి చెబుతూ మళ్లీ ఇదే మాట అంది: వినియోగదారుడికి ఎంచుకునే వీలుండాలి, పాత బాక్సులు చెత్తకుప్పలో పడటం తగ్గాలి. అయితే ట్రాయ్ చేసేది సిఫారసు. దాన్ని నిబంధనగా మార్చాల్సింది సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ. ఆ నిబంధన వచ్చేదాకా మీ షాపులోని బాక్సుకు హక్కు పుట్టదు.

ఆ నిబంధన రావాలనే నేను గట్టిగా కోరుకుంటాను. బాక్సు మీద మేం రాయితీ ఇస్తున్నాం, బయటి బాక్సులొస్తే దొంగ ప్రసారాలు పెరుగుతాయి అని కంపెనీలు అంటాయి. మీ ఊళ్లో పద్దెనిమిది వందలు పోసి కొన్న మనిషికి రాయితీ ఎక్కడుంది? కేబుల్ మార్చిన రోజున ఆ బాక్సు అటక మీదికి పోతుంది. సొంత డబ్బుతో కొన్న వస్తువు ఇంకొకరి అనుమతి లేకుండా పనికిరాకపోవడం అన్యాయమే.

అయితే చట్టం ఒక్కటే వస్తే సరిపోదని కూడా తెలుసుకోండి. అమెరికాలో 1996లోనే కేబుల్ బాక్సులు బయటి షాపుల్లో దొరకాలని చట్టం చేశారు. తాళాన్ని ఒక కార్డులో పెట్టి, ఆ కార్డును ఏ కంపెనీ బాక్సులోనైనా గుచ్చుకునేలా ఏర్పాటు చేశారు. కేబుల్ కంపెనీలు మనస్ఫూర్తిగా సహకరించలేదు, జనం ఎక్కువగా అద్దె బాక్సులతోనే ఉండిపోయారు. 2016లో అక్కడి నియంత్రణ సంస్థ ఇంకో ప్రయత్నం చేసి, ఓటింగు రోజునే వెనక్కి తీసుకుంది. 2020లో ఆ కార్డు నిబంధనలనే ఎత్తేశారు. మన దగ్గర కూడా ప్రమాణం, ధర, ఆన్ చేసే బాధ్యత మూడూ కలిసి వస్తేనే మీలాంటి షాపువాళ్లకు దారి దొరుకుతుంది.

కాబట్టి "నా బాక్సులు ఆన్ చేయలేదు" అని బావ మీద ఫిర్యాదు చేస్తే నిలవదు. ఫిర్యాదు పోతుంది, అక్క మాత్రం దాన్ని జీవితాంతం గుర్తుపెట్టుకుంటుంది.

రసీదు సంగతి వేరు. అందులో మీరు చెప్పిన విషయం సరైనదే, చెప్పిన చోటు తప్పు. ట్రాయ్ 2017 నిబంధనల ప్రకారం కనెక్షన్ ఇచ్చేటప్పుడు దరఖాస్తు ఫారం నింపించి, దాని నకలు వినియోగదారుడికి ఇవ్వాలి. బాక్సును సొంతానికి అమ్ముతున్నారా, అద్దెకిస్తున్నారా అన్నది స్పష్టంగా ఉండాలి. సొంతానికి అమ్మితే కనీసం ఏడాది వారంటీ ఇవ్వాలి. అద్దెకిస్తే రిపేరు భారం కంపెనీదే. డిపాజిట్టు తీసుకుంటే, బాక్సు వాపసు ఇచ్చినప్పుడు లెక్క చూసి తిరిగివ్వాలి. 2024 జులైలో ట్రాయ్ కనెక్షన్ బిగింపు, యాక్టివేషన్ చార్జీల మీదున్న పరిమితులు తీసేసింది, నెలవారీ నెట్‌వర్క్ ఫీజు (పే చానళ్ల ధర కాకుండా కనెక్షన్‌కు కట్టేది) పరిమితి కూడా పోయింది. రేటు మీద పట్టు సడలినప్పుడు కాగితం విలువ ఇంకా పెరుగుతుంది. రసీదు లేని పద్దెనిమిది వందలు అద్దె డిపాజిట్టో, కొన్న ధరో రేపు ఎవరూ తేల్చలేరు. ఈ మాట బావకు ఒంటరిగా, ఆయన మంచికే చెప్పాలి. ఎవరైనా కొనుగోలుదారు ఎదురుతిరిగితే ఆయన దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

ఇప్పుడు మీ వంతు. మీ దగ్గర బాక్సు కొన్న ప్రతి ఒక్కరికీ డబ్బు తిరిగిచ్చేయండి. వాళ్లు అడిగేదాకా ఆగవద్దు, మీరే ఫోన్ చేసి పిలవండి. పింఛను డబ్బు పెట్టిన ఆవిడ ఇంటికైతే మీరే వెళ్లి ఇచ్చి రండి. ఇది మంచితనం కోసమే చెప్పడం లేదు. "ఏ కేబుల్‌కైనా పనిచేస్తుంది" అని మీ నోటితో హామీ ఇచ్చి అమ్మారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, తయారీదారు ఇవ్వని హామీని అమ్మినవాడు సొంతంగా ఇస్తే, అది తప్పినప్పుడు బాధ్యత అమ్మినవాడిదే. కొన్నవాళ్లలో ఒక్కరు వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసినా, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా మీ దగ్గర సమాధానం లేదు. ఐదు లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు కూడా ఉండదు.

ఆ డబ్బు మీకు టోకు వ్యాపారి నుంచి రావాలి. మీరు తిరిగి అమ్మడానికి కొన్నారు కాబట్టి వినియోగదారుల కమిషన్ మిమ్మల్ని వినియోగదారుడిగా చూడదు. మీకు ఆసరా 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం. ఫలానా పనికి కావాలని చెప్పి, అమ్మేవాడి మాట నమ్మి కొన్న సరుకు ఆ పనికి రాకపోతే అడిగే హక్కు మీకుంది. ఆ వాట్సాప్ సందేశాన్ని జాగ్రత్త చేయండి. జీఎస్‌టీ బిల్లు, డబ్బు పంపిన వివరాలు జతచేసి, సరుకు వెనక్కి తీసుకొని డబ్బు ఇవ్వమని రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపండి. చాలామంది వ్యాపారులు ఆ దశలోనే దిగివస్తారు. రాకపోతే లాయరు నోటీసు, ఆపైన సివిల్ కోర్టు. నలభై బాక్సుల మొత్తానికి కోర్టు తిరుగుడు గిట్టుబాటవుతుందా అన్నది మీరే లెక్క వేసుకోవాలి. సగానికి ఒప్పుకున్నా తీసుకోవడం మేలని నాకనిపిస్తోంది.

బాక్సుల వ్యాపారం మానుకోవాలా అంటే, మీ ముందు కొన్ని దారులున్నాయి. ఒక్కోదానికీ ఒక్కో ఖరీదు ఉంది.

బావతో కలవడం ఒకటి. ఎంఎస్‌ఓ బాక్సులనే మీ షాపు కౌంటరు మీద పెట్టి, మీ బిల్లు పుస్తకంలో రసీదు రాసి ఇవ్వడం. టీవీ కొన్న మనిషికి అక్కడే కనెక్షన్ కూడా అయిపోతుంది. మీకు బాక్సు మీద మిగిలేది తక్కువే, కానీ టీవీల అమ్మకం పెరుగుతుంది. బావకు రసీదుల బాధ తీరుతుంది. ఇక్కడ ఆయన భయాన్ని కూడా మీరు గుర్తించాలి. ఎంఎస్‌ఓతో వేరే ఒప్పందం లేకపోతే నెట్‌వర్క్ ఫీజులో నూటికి 45 ఆపరేటరుకు, 55 ఎంఎస్‌ఓకు అని నిబంధనల్లో ఉంది. ఆ వాటాతోనే స్తంభాల మీది వైర్లూ, తెగిన లింకులూ, కుర్రాళ్ల జీతాలూ చూసుకోవాలి. ఫోన్లలో సినిమాలు వచ్చాక కనెక్షన్లు తగ్గుతున్నాయి. బాక్సు చేతిలో ఉంటేనే ఇల్లు తన దగ్గర ఉంటుందని ఆయన ధైర్యం. ఆ ధైర్యం మీద మీరు చేయి వేశారని ఆయన అనుకున్నారు. ఈ దారిలో కష్టం ఏమిటంటే, కేబుల్ రాని రోజున జనం మీ షాపుకే వస్తారు. ఫిర్యాదు ఎవరు చూడాలో ముందే మాట్లాడుకొని, ఎంఎస్‌ఓ టోల్‌ఫ్రీ నంబరును బిల్లు మీదే అచ్చు వేయించండి.

రెండో దారి, ఎవరి అనుమతీ అక్కరలేని బాక్సు అమ్మడం. దూరదర్శన్ ఫ్రీ డిష్ అలాంటిది. 2004 డిసెంబరు నుంచి నడుస్తోంది, నెల చందా లేదు, డిష్షూ బాక్సూ షాపులోనే కొనుక్కోవచ్చు. మీరు ఊహించుకున్న స్వేచ్ఛ నిజంగా ఉన్నది అక్కడే. సప్తగిరి, యాదగిరి వస్తాయి. సీరియళ్ల కోసం అడిగేవాళ్లకు మాత్రం వాళ్ల చానల్ అందులో ఉందో లేదో తాజా జాబితాలో చూపించి, ఆ తర్వాతే అమ్మండి. మళ్లీ ఇంకో హామీలో ఇరుక్కోవద్దు. ఉపగ్రహ ట్యూనరు లోపలే ఉన్న టీవీలకు భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 18112 అని 2022లో ప్రమాణం తెచ్చింది. అలాంటి టీవీకి డిష్ ఉంటే చాలు, ఉచిత చానళ్లకు బాక్సే అక్కరలేదు. పే చానళ్లు రావని కూడా చెప్పి అమ్మండి. నెలకు మూడు వందలు కట్టలేని ఇళ్లకు ఇవి మేలు చేస్తాయి, బావకు కొన్ని కనెక్షన్లు తగ్గుతాయి. ఆ సంగతి ఆయనకు ఇతరుల ద్వారా తెలియకూడదు, మీరే ముందు చెప్పండి.

డీటీహెచ్ కంపెనీ డీలరుగా చేరడం ఇంకొకటి. కమిషను వస్తుంది, బాక్సులు తప్పకుండా పనిచేస్తాయి. కానీ అది బావకు నేరుగా పోటీ. ఫైబర్‌నెట్ బాక్సు గురించి కూడా మిమ్మల్ని అడుగుతుంటారు, అది ఇంటర్నెట్ లైను మీద నడిచే వేరే బాక్సు, ఆపరేటర్ల ద్వారానే వస్తుంది. షాపులో నిల్వ పెట్టే సరుకు కాదు.

మీరే కేబుల్ ఆపరేటరుగా నమోదు కావడమూ చట్టప్రకారం కుదురుతుంది. ఒక ఊరు ఒకరికే అన్న హక్కు ఏ రిజిస్ట్రేషనూ ఇవ్వదు. 2025 జనవరి నుంచి ఆ నమోదు ఆన్‌లైన్లోనే అవుతోంది, ఐదేళ్లకు చెల్లుతుంది. కొత్తగా వైర్లు లాగాలి, ఇంకో ఎంఎస్‌ఓ మీ ఊరిదాకా సిగ్నల్ ఇవ్వాలి, ఇల్లిల్లూ తిరిగి బావ కనెక్షన్లనే మార్చాలి. డబ్బు పరంగా కూడా ఇది నాకు నచ్చలేదు. అక్క సంసారం నడిచేది ఆ కనెక్షన్ల మీదే. కోపంలో ఉన్నప్పుడు ఈ దారి వైపు చూడవద్దని నా మనవి.

అమ్మ చెప్పినట్టు కాళ్లు పట్టుకోనక్కరలేదు. అక్క ఫోన్ ఎత్తకపోతే ఇంటికి వెళ్లండి. బాక్సుల గురించి తర్వాత, ముందు "నలుగురిలో అలా అనకుండా ఉండాల్సింది" అని ఆమెకు చెప్పండి. షాపుకు డబ్బు సర్దిన రోజు మీకు గుర్తుందని కూడా చెప్పండి. బావతో వ్యాపారం మాట ఆ రోజే ఎత్తవద్దు, వారం పోనివ్వండి.

మీలోని ఆ ప్రశ్నను మాత్రం వదలొద్దు. ట్రాయ్ ఏ విషయం మీదైనా నిర్ణయానికి ముందు చర్చాపత్రం పెట్టి అందరి అభిప్రాయాలూ అడుగుతుంది. వాటికి పెద్ద కంపెనీల నుంచి పేజీలకు పేజీలు వెళతాయి. మండల కేంద్రంలో షాపు నడిపే మనిషి, కొన్న బాక్సుకు బొమ్మ రాని ఇంటిని చూసిన మనిషి రాసేది చాలా అరుదు. బాక్సుల మీద ఈసారి పత్రం వచ్చినప్పుడు మీరు చూసింది ఉన్నదున్నట్టు రాయండి. మంత్రిత్వ శాఖకు ఇప్పుడే రాసినా తప్పులేదు.

చివరిగా, షాపులో మిగిలిన బాక్సులను పక్క మండలంలో ఎవరికో తక్కువకు తోసేద్దామనే ఆలోచన రావచ్చు. అక్కడా అవి నడవవు, మీ బాధ ఇంకొకరికి మారుతుంది అంతే. ఒకటి తీసి అడుగున ఉన్న లేబుల్ చూడండి. సెట్‌టాప్ బాక్సులకు భారత ప్రమాణాల సంస్థ నమోదు తప్పనిసరి అని 2012 ఉత్తర్వులోనే ఉంది. ఆ గుర్తూ, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరూ లేకపోతే వాటిని అమ్మడమే నేరం. అలాంటప్పుడు లేబుల్ ఫొటో తీసి టోకు వ్యాపారికి రాసే ఉత్తరానికి జతచేయండి. డబ్బు వెనక్కి అడగడానికి అంతకన్నా బలమైన ఆధారం మీకు దొరకదు.